మైకోప్లాస్మా పొర మీదే డీఎన్ఏని కోసే ఎంజైములు ఎందుకుంటాయి, అవి మీ ఫ్లాస్కులో ఏం చేస్తున్నాయి

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. హెలా కణాలకి (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) మందు వేస్తే డీఎన్ఏ నిచ్చెన మెట్లలా ముక్కలవుతోంది, అంటే కణాలు ఎపొప్టోసిస్‌తో (తమని తామే చంపుకునే పద్ధతిలో) చస్తున్నాయని గుర్తు, అది మీరు కోరుకున్నదే. కానీ మందు వెయ్యని కంట్రోల్లో కూడా అదే నిచ్చెన మసగ్గా కనిపిస్తోంది. నెల రోజులుగా ప్లాస్మిడ్ ట్రాన్స్‌ఫెక్షన్ (చిన్న డీఎన్ఏ వలయాన్ని కణాల్లోకి పంపడం) కూడా సరిగ్గా పట్టడం లేదు. సీనియర్ ఒకరు "మైకోప్లాస్మా అయ్యుంటుంది, దాని పొరలో డీఎన్ఏని కోసే ఎంజైములుంటాయి" అన్నారు. మైకోప్లాస్మా అంటే కల్చర్లలోకి దూరే చిన్న బ్యాక్టీరియా. అలాగైతే అది తన డీఎన్ఏని తానే ఎందుకు కోసుకోదు, పెన్-స్ట్రెప్ (పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపిన యాంటీబయాటిక్) వేస్తున్నా ఎలా బతుకుతోంది అని మీ ప్రశ్న.

మీ సీనియర్ చెప్పింది నిజమయ్యే అవకాశమే ఎక్కువ. ఇరవై ఏళ్లకి పైగా కల్చర్ గదిలోనే పనిచేస్తున్నాను, మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఒకేసారి కనబడితే నేను ఇంకేదీ ఆలోచించను, ముందు మైకోప్లాస్మా టెస్టే చేయిస్తాను. ఆ ఫలితం వచ్చేదాకా ఆ కణాల మీద కొత్త ప్రయోగం ఏదీ మొదలుపెట్టకండి. ఆ ఫ్లాస్కు తెరిచిన హుడ్‌లో (వడగట్టిన గాలి వీచే పని పెట్టెలో) అదే రోజు ఇంకొకరి కణాలు తెరవనివ్వకండి. ఈ రెండూ ఇప్పుడే చెయ్యండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదవచ్చు.

ఇక అసలు విషయం. ఈ ఎంజైముల్ని ఆయుధాల్లా చూస్తే సగమే అర్థమవుతుంది, వీటిని ఆ జీవి పళ్లు అనుకోండి. మైకోప్లాస్మా అంటే చాలావరకు వదిలేసుకుంటూ వచ్చిన బ్యాక్టీరియా. కణానికి బయట గోడ లేదు. సొంతంగా తయారుచేసుకోవాల్సిన సరుకుల్లో ఎక్కువ భాగం తయారుచేసే జన్యువులూ లేవు. 1995లో మైకోప్లాస్మా జెనిటాలియం జీనోమ్ మొత్తం చదివారు, సుమారు 5 లక్షల 80 వేల అక్షరాలు, ప్రోటీన్ జన్యువులు 500 కూడా లేవు. మన ల్యాబుల్లో రోజూ పెంచే ఈ.కోలైకి 46 లక్షల అక్షరాలు, నాలుగు వేలకి పైగా జన్యువులు. ఇన్ని పోగొట్టుకున్నాక అది బతకాలంటే ఎవరో వండి పెట్టాలి. కొలెస్ట్రాల్ మననుంచే, ఎమైనో ఆమ్లాలు మననుంచే, మన కథకి ముఖ్యమైనది ఏంటంటే డీఎన్ఏ, ఆర్‌ఎన్ఏ అల్లుకోడానికి కావలసిన ప్యూరిన్లు, పిరిమిడిన్లు కూడా మననుంచే. మొదటినుంచీ కట్టుకొచ్చే దారి దానికి లేదు. దొరికిన ముక్కల్ని ఇటూ అటూ మార్చుకుని వాడుకోవడం వరకే తెలుసు.

ఆ ముక్కలు ఎక్కడ దొరుకుతాయి? శరీరంలో అయితే చచ్చిపోతున్న కణాల చుట్టూ, ఊపిరితిత్తుల్లో వాపు ఉన్న చోట, డీఎన్ఏ కుప్పలుగా పడి ఉంటుంది. మీ ఫ్లాస్కులో అయితే ప్రతి పాసేజ్‌లోనూ (కణాల్ని కొత్త ఫ్లాస్కుకి మార్చిన ప్రతిసారీ) కొన్ని కణాలు చచ్చి మీడియాలోకి, అంటే అవి పెరిగే పోషక ద్రవంలోకి, వదిలే డీఎన్ఏ ఉంటుంది. కానీ వేల అక్షరాల పొడుగున్న దారాన్ని అమాంతం పొర దాటించి లోపలికి లాగలేదు కదా. చెరుకు గడ గొంతులోకి దిగదు, ముందు ముక్కలు చెయ్యాలి. అందుకే కత్తి లోపల కాదు, బయట ఉండాలి.

బయట అంటే వేరే చోటు ఏదీ లేదు. ఈ.కోలైకి రెండు పొరలుంటాయి, మధ్యలో ఖాళీ ఉంటుంది, ఎంజైముల్ని అక్కడ దాచుకోవచ్చు. స్టెఫైలోకాకస్‌లాంటి వాటికి మందపాటి గోడ ఉంటుంది. మైకోప్లాస్మాకి ఒక్కటే పొర, దాని అవతల నేరుగా మీ మీడియా. ఎంజైముని ఊరికే బయటికి వదిలేస్తే కొట్టుకుపోతుంది, కోసిన ముక్కలు పక్కవాడి పాలవుతాయి. అందుకని చాలా జాతులు దాన్ని పొరకే కట్టేసుకుంటాయి. ఎంజైము మొదట్లో ఒక సంకేత తోక ఉంటుంది, దాని వెంటనే సిస్టీన్ అనే ఎమైనో ఆమ్లం. కణం ఆ సిస్టీన్‌కి కొవ్వు గొలుసులు తగిలిస్తుంది, తోకని కోసేస్తుంది, ఆ కొవ్వు గొలుసులు పొరలో దిగబడి ఉంటాయి, ఎంజైము ఒళ్లంతా బయట వేలాడుతూ ఉంటుంది. గట్టుకి పాతిన గుంజకి కట్టిన పడవలాగా. లిపోప్రోటీన్ అంటే ఇదే. ఇంకో ముచ్చటైన సంగతి, పందుల్లో దగ్గు జబ్బు తెచ్చే మైకోప్లాస్మా హయోన్యుమోనియేలో ఇలాంటి న్యూక్లియేజ్ (డీఎన్ఏని కోసే ఎంజైము) జన్యువుకి పక్కనే, పొర దాటించి సరుకు లోపలికి మోసే ఏబీసీ ట్రాన్స్‌పోర్టర్ జన్యువులు కూడా ఉన్నాయి. కోసేదీ మోసేదీ పక్కపక్కనే. నాకు ఈ ఒక్క అమరిక చూశాకే ఇది ఆకలి కథ అని పూర్తిగా నమ్మకం కుదిరింది.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. జెరూసలేంలో ష్ముయెల్ రాజిన్ 1964లోనే మైకోప్లాస్మాల న్యూక్లియేజ్‌ల గురించి రాశారు. 1993లో అమెరికాలో క్రిస్ మినియన్ బృందం చాలా జాతుల్ని పక్కపక్కన పెట్టి చూసి, ఈ చురుకుదనం పొరతో అంటిపెట్టుకుని ఉందని చూపించింది. 1999లో అదే బృందం ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే మైకోప్లాస్మా పల్మోనిస్‌నుంచి ఎంఎన్‌యూఏ అనే పొర న్యూక్లియేజ్ జన్యువుని వేరుచేసింది.

దాన్ని కంటితో ఎలా చూస్తారో చెప్తాను, ఎందుకంటే చూస్తేగానీ నమ్మకం కలగదు, మీరూ చెయ్యగలరు. మామూలు ఎస్‌డీఎస్ (ప్రోటీన్ ఆకారాన్ని విప్పేసే సబ్బులాంటి రసాయనం) ప్రోటీన్ జెల్ పోసేటప్పుడే అందులో సాల్మన్ చేప డీఎన్ఏ కలిపేస్తారు. మైకోప్లాస్మా ప్రోటీన్లని ఆ జెల్లో నడుపుతారు, తర్వాత ఎస్‌డీఎస్‌ని బాగా కడిగేస్తారు, అప్పుడు ఎంజైము మళ్లీ తన ఆకారంలోకి ముడుచుకుంటుంది. కాల్షియం, మెగ్నీషియం ఉన్న బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వదిలేసి డీఎన్ఏకి అంటుకుని వెలిగే ఎథిడియం బ్రోమైడ్ వేసి యూవీ వెలుగులో పెడితే, జెల్ అంతా నారింజ రంగులో వెలుగుతూ ఉంటుంది, ఎంజైము ఆగిన చోట మాత్రం నల్లటి గీత. అక్కడి డీఎన్ఏ తినేసింది కాబట్టి అక్కడ వెలుగు లేదు. మొదటిసారి ఆ నల్ల గీత చూసినప్పుడు నేను బ్లాట్లు, యాంటీబాడీలు అన్నీ పక్కన పెట్టి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మామూలుగా మనం ఎంజైము పేరు చదువుతాం, ఇక్కడ అది చేసిన పనే కనబడుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్న, తన డీఎన్ఏని ఎందుకు కోసుకోదని. మొదటి కారణం చోటు. ఎంజైము పొరకి అవతల, దాని సొంత డీఎన్ఏ పొరకి ఇవతల, కత్తి ఎప్పుడూ వీధి వైపే తిరిగి ఉంటుంది. తయారయ్యేది లోపలే కదా అంటారేమో, నిజమే. కానీ అది పొడుగ్గా విప్పుకున్న గొలుసులా పొరలోని సన్నటి ద్వారం గుండా బయటికి వెళ్తుంది, కోసే ఆకారానికి ముడుచుకునేది బయటికి వచ్చాకే. రెండోది, వీటిలో కొన్నింటికి కాల్షియం లేకపోతే కోత లేదు. కణం లోపల స్వేచ్ఛగా ఉండే కాల్షియం చాలా తక్కువ, బయట మీడియాలోనూ రక్తంలోనూ పుష్కలం. కాబట్టి ఒకటీ అరా లోపల ముడుచుకున్నా కాల్షియం మీద ఆధారపడ్డ ఎంజైము అక్కడ మొద్దుబారినట్టే ఉంటుంది. కాల్షియం అడిగేవాటిలో బాగా చూసింది మైకోప్లాస్మా జెనిటాలియం ఎంజైము ఎంజీ186. ఇది స్టెఫైలోకాకస్ న్యూక్లియేజ్ కుటుంబానికి చెందింది, వేడికి తట్టుకుంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, శాంపిల్‌ని 65 డిగ్రీల్లో పది నిమిషాలు పెట్టాం కదా ఎంజైము పోయిందిలే అని కొందరు అనుకుంటారు, ఈ కుటుంబంలో ఆ ధీమా పనికిరాదు. ఈడీటీఏ వెయ్యండి, అది కాల్షియం, మెగ్నీషియం రెండూ లాగేసుకుంటుంది.

పనిలో పని, ఈ జన్యువుల్ని ఈ.కోలైలో పెట్టి ప్రోటీన్ తీయాలని ఎప్పుడైనా అనుకుంటే ఒక మెలిక ఉంది. మైకోప్లాస్మాకి యూజీఏ అంటే ట్రిప్టోఫాన్, ఈ.కోలైకి అదే యూజీఏ అంటే 'ఆపు'. జన్యువులో యూజీఏ వచ్చిన ప్రతిచోటా ప్రోటీన్ మొండెంగా తెగిపోతుంది. ముందు ఆ యూజీఏలన్నీ యూజీజీగా మార్చుకోవాలి. మార్చకుండా ఆరు నెలలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

ఆకలి తీర్చే పళ్లే అవసరమొస్తే కరుస్తాయి కూడా. మన రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు సూక్ష్మజీవిని పట్టుకోడానికి తమ డీఎన్ఏనే బయటికి విసిరి వల వేస్తాయని 2004లో జర్మనీలో బ్రింక్‌మన్, జిచ్‌లిన్‌స్కీ వాళ్లు చూపించారు. ఆ వల దారాలు డీఎన్ఏ, వాటికి అంటుకుని సూక్ష్మజీవుల్ని చంపే ప్రోటీన్లు. ఇప్పుడు పొర మీద డీఎన్ఏని కోసే ఎంజైము ఉన్నవాడు ఆ వలలో పడితే ఏమవుతుంది? వల తెగుతుంది, పైగా తెగిన వల వాడికి భోజనం. ఆవుల్లో న్యుమోనియా, పొదుగు వాపు తెచ్చే మైకోప్లాస్మా బోవిస్ మీద 2018లో వచ్చిన పని దీన్ని సూటిగా తేల్చింది. ఎంఎన్‌యూఏ ఉన్న మామూలు బోవిస్ న్యూట్రోఫిల్ వలల్ని చెదరగొట్టేసింది, ఆ జన్యువుని పాడుచేసిన రకాన్ని వేస్తే వలలు నిలబడ్డాయి, జన్యువుని తిరిగి ఇస్తే మళ్లీ చెదిరిపోయాయి. మనుషుల్లో న్యుమోనియా తెచ్చే మైకోప్లాస్మా న్యుమోనియే విషయంలో 2017లో ఇలాంటిదే చూపించారు, కాకపోతే అక్కడ ఎంజైము బయటికి వదిలే రకం. కోళ్ల ఫారాల్లో సీఆర్‌డీ అంటారే, ఉభయగోదావరి వైపు ఫారాలవాళ్లందరికీ తెలిసిన ఆ దీర్ఘకాలిక శ్వాస జబ్బు, దానికి మూలమైన మైకోప్లాస్మా గాలిసెప్టికంలోనూ పొరకి అంటిన న్యూక్లియేజ్ ఉంది, అది కోడి కణాలకి హాని చేస్తుందని కూడా చూపించారు. అంటే మీ ఫ్లాస్కులో జరుగుతున్నది ల్యాబుకి మాత్రమే పరిమితమైన వింత కాదు, ఆవు ఊపిరితిత్తిలోనూ కోడి శ్వాసనాళంలోనూ జరిగేదే.

ఇప్పుడు మీ నిచ్చెన. న్యూక్లియస్‌లో డీఎన్ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది, ఒక్కో చుట్టలో సుమారు 147 అక్షర జతలు, చుట్టకీ చుట్టకీ మధ్య కొంచెం బోసి దారం. న్యూక్లియేజ్ వస్తే చుట్టని కొయ్యడం కష్టం కాబట్టి ఎక్కువగా మధ్యనున్న బోసి దారాన్నే కోస్తుంది. అందుకే ముక్కలు 180, 200 లెక్కన రెట్లు రెట్లుగా పడతాయి, జెల్లో నిచ్చెనలా కనబడతాయి. ఎపొప్టోసిస్‌లో కణం సొంత ఎంజైము కోసినా నిచ్చెనే, మైకోప్లాస్మా ఎంజైము కోసినా నిచ్చెనే. జెల్ చూసి రెంటినీ విడదీయలేరు. 1996లో జర్మనీలో పాడెన్‌బెర్గ్, మాన్‌హెర్జ్ వాళ్లు సరిగ్గా ఇదే హెచ్చరిక చేశారు, ఎపొప్టోసిస్ అని రాసిన కొన్ని నిచ్చెనలు కల్చర్‌లోని మైకోప్లాస్మా ఎండోన్యూక్లియేజ్ పనే కావచ్చని. కణం పొర బాగున్నంతవరకు బయటి ఎంజైము న్యూక్లియస్ దాకా వెళ్లదు. కానీ మీరు మందు వేశారు, కొన్ని కణాల పొర చిరిగింది, ఎంజైము లోపలికి వెళ్లింది. లేదా మీరు డీఎన్ఏ తీయడానికి కణాల్ని పగలగొట్టినప్పుడు, ఈడీటీఏ చాలక, ఆ పది నిమిషాల్లోనే కోత జరిగిపోయింది. మీ కంట్రోల్లో మసక నిచ్చెనకి ఈ రెండోదే కారణం అని నా అనుమానం. కాబట్టి నిచ్చెన ఒక్కదాన్నే నమ్ముకోకండి, ఎపొప్టోసిస్‌కి వేరే గుర్తులైన కాస్పేస్-3 ఎంజైము తెగిందా, కణం పొరకి అనెక్సిన్-వీ అంటుకుందా అని వేరే దారుల్లో కూడా చూసుకోండి.

ట్రాన్స్‌ఫెక్షన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మీ ప్లాస్మిడ్ కణంలోకి వెళ్లే దారిలో ఈ పళ్లున్న జీవులు కణం ఉపరితలం నిండా అతుక్కుని ఉంటాయి, ఒక మిల్లీలీటరుకి కోటి నుంచి పది కోట్ల దాకా. అయినా మీడియా మబ్బుగా మారదు, అదే మోసం. పైగా ఇవి మీడియాలోని థైమిడిన్‌ని (డీఎన్ఏ ముడిసరుకు) విరిచేస్తాయి కాబట్టి థైమిడిన్ లెక్కపెట్టే ప్రొలిఫరేషన్ (కణాలు ఎంత పెరిగాయో చూసే) ప్రయోగాలు కూడా తప్పుతాయి. జెమ్‌సైటబిన్‌లాంటి న్యూక్లియోసైడ్ (డీఎన్ఏ ముడిసరుకుని పోలిన) మందులు వాడితే మైకోప్లాస్మా ఎంజైములు వాటిని కూడా మార్చేస్తాయి, కణాలకి మందు పనిచెయ్యలేదని మీరు పొరపాటు పడతారు.

ఇక టెస్టు. 16ఎస్ పీసీఆర్ (బ్యాక్టీరియా 16ఎస్ జన్యువుని వెతికి పట్టే పరీక్ష) చెయ్యండి, అది తప్పనిసరి. దాంతోపాటు మీ ప్రశ్నకి నేరుగా జవాబిచ్చే చిన్న ప్రయోగం ఒకటి చెప్తాను. మూడు నాలుగు రోజులు కణాల మీద ఉన్న మీడియా తీసుకోండి, 300 జీ దగ్గర తిప్పి కణాల్ని తీసెయ్యండి. పైనున్న ద్రవాన్ని 15,000 జీ దగ్గర అరగంట తిప్పండి. అడుగున కనిపించీ కనిపించనట్టు ఒక పలుచని మరక ఉంటుంది, దాన్ని పీబీఎస్‌తో (ఉప్పు బఫర్) రెండుసార్లు కడిగి కొంచెం కాల్షియం, మెగ్నీషియం ఉన్న బఫర్‌లో కలపండి. దాంట్లో ఒక మైక్రోగ్రాము ప్లాస్మిడ్ వేసి 37లో గంటసేపు ఉంచి జెల్ మీద నడపండి, పక్కనే ఈడీటీఏ వేసిన ట్యూబు కూడా. ఈడీటీఏ లేని ట్యూబులో ప్లాస్మిడ్ కరిగిపోయి, ఉన్న ట్యూబులో నిలబడితే, కోసేది ఆ కడిగిన మరకకే అంటుకుని ఉంది అన్నమాట.

ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. మీడియాలో కలిపే సీరంలో సొంతంగా డీఎన్‌ఏజ్ (డీఎన్ఏని కోసే ఎంజైము) ఉంటుంది. మీడియాని ఊరికే తీసి ప్లాస్మిడ్ కలిపి, కరిగిపోయింది కాబట్టి మైకోప్లాస్మా అనేస్తే అది తప్పు. అందుకే కడగమన్నాను, అందుకే కణాలు ముట్టుకోని తాజా మీడియాని కూడా అదే పద్ధతిలో తిప్పి, కడిగి, పక్కన పెట్టుకోవాలి. అది కూడా కోస్తే మీ కడుగుడు చాలలేదని అర్థం.

పీసీఆర్ పాజిటివ్ వచ్చినా నేను హోక్స్ట్ స్టెయిన్ (డీఎన్ఏకి అంటుకుని నీలంగా వెలిగే రంగు) కూడా చేయిస్తాను, ఎందుకంటే ల్యాబులో పిల్లలు కంటితో చూడాలి. కవర్‌స్లిప్ మీద కణాల్ని యాంటీబయాటిక్ లేకుండా కొన్ని రోజులు పెంచి, పల్చగా ఉన్నప్పుడే ఫిక్స్ చేసి స్టెయిన్ వేస్తే, మంచి కల్చర్‌లో నల్లటి చీకట్లో నీలం రంగు న్యూక్లియస్‌లు మాత్రమే ఉంటాయి, మధ్యంతా ఖాళీ. పాడైన కల్చర్‌లో ఆ ఖాళీ ఉండదు. ప్రతి న్యూక్లియస్ చుట్టూ, కణం అంచుల వెంబడి, బొంబాయి రవ్వ జల్లినట్టు నీలి చుక్కలు. ఒక్కసారి చూస్తే జీవితంలో మళ్లీ మర్చిపోరు.

పెన్-స్ట్రెప్ సంగతి. పెనిసిలిన్ దెబ్బకొట్టేది కణ గోడ కట్టే పనిని, గోడే లేనివాడికి ఆ దెబ్బ తగలదు. స్ట్రెప్టోమైసిన్‌కి కల్చర్లలో తిరిగే మైకోప్లాస్మాలు చాలావరకు లొంగవు. పైగా పెన్-స్ట్రెప్ రోజూ వేస్తుంటే మామూలు బ్యాక్టీరియా కంటామినేషన్ బయటపడదు, చేతి శుభ్రత తగ్గిపోతుంది, ఆ తగ్గిన శుభ్రతలోంచే ఇది దూరుతుంది. రోజువారీ కల్చర్‌లో పెన్-స్ట్రెప్ మానెయ్యమని నా గట్టి సలహా. 0.22 మైక్రాన్ల ఫిల్టర్ కూడా కాపాడదు, గోడ లేదు కాబట్టి ఒళ్లు వంచి ఆ రంధ్రాల్లోంచి జారిపోతుంది, 0.1 వాడాలి.

వైద్యం చెయ్యాలా పారెయ్యాలా అంటే, హెలా లాంటి ఎక్కడైనా దొరికే కణాలైతే ఆటోక్లేవ్ చేసి పారేసి కొత్తది తెప్పించుకోండి. మళ్లీ దొరకని కణాలైతేనే సిప్రోఫ్లోక్సాసిన్ మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాములో, ప్లాస్మోసిన్ 25 మైక్రోగ్రాములో రెండు వారాలు వేసి, ఆ తర్వాత ఇంకో రెండు వారాలు ఏ మందూ లేకుండా పెంచి మళ్లీ టెస్టు చెయ్యండి. మందు ఆపిన మర్నాడే టెస్టు చేసి నెగటివ్ అని సంబరపడితే లాభం లేదు.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఇంకో ల్యాబునుంచి స్నేహపూర్వకంగా ఇచ్చిన ఒక ఫ్లాస్కుని నేరుగా మా ఇంక్యుబేటర్లో పెట్టాం. మూడు నెలల తర్వాత ఆ అరలోని పదకొండు సెల్ లైన్లలో తొమ్మిది పాజిటివ్. ఒకమ్మాయి థీసిస్‌లో రెండు ఫిగర్లు తీసేయాల్సి వచ్చింది. ఆవిడ ఆ రోజు ఏడవలేదు, ఏమీ మాట్లాడకుండా జెల్ ఫోటోలు ఒక్కొక్కటే తీసి కవర్లో పెట్టుకుంది. అప్పటినుంచి బయటినుంచి వచ్చిన ఏ ఫ్లాస్కూ రెండు నెగటివ్ టెస్టులు లేకుండా మా గదిలోకి రాదు, ఎవరిచ్చినా సరే.

చివరిగా, టెస్టు ఒక్క ఇప్పటి ఫ్లాస్కుకే చేసి ఆగిపోకండి. ద్రవ నత్రజనిలో ఉన్న వయల్స్‌లో కూడా ఇది హాయిగా బతుకుతుంది, గడ్డకట్టించేటప్పుడు వేసే డీఎంఎస్ఓ మీ కణాల్ని కాపాడినట్టే దీన్నీ కాపాడుతుంది. అన్నిటికంటే పాత పాసేజ్ వయల్ ఒకటి, మధ్యది ఒకటి, ఇప్పటిది ఒకటి కరిగించి పీసీఆర్ చెయ్యండి. ఏ తేదీ వయల్ నుంచి పాజిటివ్ మొదలైందో ఇక్కడే రాయండి, ఆ తేదీకి ముందు తీసిన జెల్స్‌లో ఏవి నిలబడతాయో కూర్చుని ఒక్కొక్కటే చూద్దాం.